అడవికెక్కిన కాక్టస్ తీగ

పెరెస్కియా అక్యులియేటా కాక్టస్ కుటుంబానికి చెందినదే అయినా, నాగజెముడును ఎరిగిన కంటికి అది కాక్టస్‌లా కనిపించదు. దానికి కాస్త దళసరిగా ఉండే నిజమైన ఆకులున్నాయి, సువాసన గల లేత రంగు పూలగుత్తులున్నాయి, పసుపు పండ్లున్నాయి. పైగా అది దొరికిన చెట్టునల్లా పట్టుకుని సుమారు పది మీటర్ల ఎత్తు వరకు పాకగలదు. కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా దాని పుట్టిల్లు. బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో దాని ఆకులను కోడిమాంసంలో వేసి వండుకుంటారు, అంటే అక్కడ అది పెరటి ఆకుకూర.

దక్షిణాఫ్రికాలో దాని కథ వేరు. అలంకరణ కోసం తెచ్చిన ఈ తీగ 1858లోనే కేప్ టౌన్ తోటలోని మొక్కల జాబితాకెక్కింది. తరువాతి కాలంలో అది తోటలు దాటి ఈస్టర్న్ కేప్ అడవుల్లోకి, తెలుగు కూలీల వారసులు నేటికీ నివసిస్తున్న క్వాజులు-నాటాల్ తీరంలోకి చొచ్చుకుపోయింది. లేత కొమ్మల మీద ఆకు మొదట్లో జంటగా పుట్టే ముళ్లు గాలంలా వెనక్కి వంగి ఉండటం వల్ల బెరడును పట్టుకుని పైకి పోవడం దానికి తేలిక. ముదిరిన కాండం మీద మాత్రం నిటారైన ముళ్లు గుత్తులుగా మొలుస్తాయి. చెట్ల తలల మీద దట్టంగా పరచుకున్న తీగ కింది మొక్కలకు వెలుతురు అందనివ్వదు, దాని బరువుకు కొమ్మలు విరుగుతాయి.

నరికితే సరిపోదా అంటే, నేల మీద పడిన ముక్క ఏదైనా వేళ్లు తొడుగుతుంది, ఒక్కోసారి ఆకు సైతం. కలుపుమందు చల్లుదామంటే తీగతో పెనవేసుకున్న స్థానిక చెట్టు కూడా చస్తుంది. అందుకే 1991లో బ్రెజిల్ నుంచి తెచ్చిన ఫెన్రికా గెరినీ అనే ఆకులు తినే పెంకుపురుగును అక్కడ విడిచిపెట్టారు. దక్షిణ భారతంలో నాగజెముడును 1926లో శ్రీలంక నుంచి వచ్చిన కొచినియల్ పురుగు కొద్ది ఏళ్లలోనే అణచివేసింది కనుక ఇలాంటి ప్రయత్నం వృథా అనలేం. అయితే పెంకుపురుగు నిలదొక్కుకున్న చోట్ల కూడా తీగ తగినంతగా తగ్గలేదు. ఆకులు పోయినా కాండంలోని నిల్వతో మళ్లీ చిగురించే మొక్కను ఆకులు తినే పురుగొక్కటే లొంగదీయగలదని ఆశించడం అత్యాశేనని నాకనిపిస్తుంది. 2014లో విడుదల చేసిన కటోరింథా షాఫ్‌నెరీ అనే నల్లి జాతి పురుగు వేరే దారి పట్టింది: అది చిగురు కొనల రసం పీల్చి వాటిని వాడిపోయేలా చేస్తుంది, అంటే తీగ చెట్టెక్కడానికి వాడుకునే భాగాన్నే దెబ్బతీస్తుంది.