పెరిగిన ప్రళయం, తరిగిన కథ

విపత్తు సినిమా విడుదలైన ప్రతిసారీ హైదరాబాద్ థియేటర్లలో మొదటి ఆట చూసి బయటకు వచ్చేవారి నోట దాదాపు ఒకే మాట వినిపిస్తుంది: ‘గ్రాఫిక్స్ అదిరాయి, కథే లేదు.’ తప్పంతా రచయితల మీదకు నెట్టేయడం తేలికే. కానీ ఈ తరహా సినిమాలు యాభై ఏళ్లుగా తయారవుతూ వచ్చిన తీరును వరసగా గమనిస్తే, సాంకేతికతకు ఉన్న హద్దులు ఒక్కొక్కటిగా తొలగిపోయిన కొద్దీ, కథను ఒక చోట కట్టి నిలిపిన కట్టుబాట్లు కూడా వాటితోపాటే జారిపోయాయని నాకు అనిపిస్తుంది.

హాలీవుడ్‌లో ఈ ఒరవడి 1970లో ‘ఎయిర్‌పోర్ట్’ విజయంతో ఊపందుకుంది. ఆ తర్వాత నిర్మాత ఇర్విన్ అలెన్ ‘ది పొసైడన్ అడ్వెంచర్’ (1972), ‘ది టవరింగ్ ఇన్ఫెర్నో’ (1974) తీశాడు. అప్పటికి ఇటువంటి దృశ్యాలకు కంప్యూటర్ సాయం లేదు. చిన్న నమూనాలు, నీటి తొట్లు, నిజమైన మంటలే ఆధారం. ఖర్చూ ప్రమాదమూ ఎక్కువ కావడంతో విపత్తును ఒక్క ఓడకో, ఒక్క భవనానికో పరిమితం చేసి, మిగిలిన నిడివిని అందులో చిక్కుకున్న పదిమంది మనుషులకు ఇవ్వక తప్పేది కాదు. తలకిందులైన పొసైడన్ ఓడలో బెల్ రోజెన్ అనే పెద్దావిడ తన భారీకాయం వల్ల అందరికీ అడ్డమవుతున్నానని నొచ్చుకుంటూ నడుస్తుంది. నీట మునిగిన దారిలో చిక్కుకుపోయిన పాస్టర్‌ను కాపాడేది మాత్రం ఒకప్పుడు ఈత పోటీల్లో గెలిచిన ఆమే. అవతలికి చేరాక గుండె ఆగిపోతుండగా, మనవడికి ఇవ్వమని మెడలోని పతకం తీసి ఇస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ఓడ ఎలా మునిగిందో మరచినవారికి సైతం ఆ పతకం గుర్తుంటుంది.

అయితే పక్కదారి కూడా ఆ కాలంలోనే మొదలైంది. 1974లో వచ్చిన ‘ఎర్త్‌క్వేక్’ కోసం థియేటర్లలో సెన్సరౌండ్ అనే ప్రత్యేక స్పీకర్లు అమర్చి, కుర్చీలు అదిరేలా చేశారు. ప్రేక్షకుడిని కథ కోసం కాకుండా అనుభూతి కోసం రప్పించవచ్చని అప్పుడే రుజువైంది. మూస అరిగిపోయి, దశాబ్దం ముగిసేసరికి ఈ సినిమాలు వరసగా దెబ్బతిన్నాయి.

1993 నాటి ‘జురాసిక్ పార్క్’ తర్వాత కంప్యూటర్ గ్రాఫిక్స్ వాటికి మళ్లీ ప్రాణం పోశాయి. 1996లో సుడిగాలులు, 1997లో అగ్నిపర్వతాలు, 1998లో భూమి మీదకు దూసుకొచ్చే తోకచుక్క, గ్రహశకలం తెరకెక్కాయి. 1997 నాటి ‘టైటానిక్’ వీటిలో వేరుగా నిలుస్తుంది. మూడు గంటలు దాటిన ఆ చిత్రంలో ఓడ మంచుకొండను తాకేసరికి సగం నిడివి గడిచిపోతుంది, అప్పటికి ఆ ఓడలోని మనుషులు మనకు బాగా తెలిసినవారవుతారు. పరిశ్రమ మాత్రం దాని వసూళ్లనే చూసింది, ఆ ఓపికను చూడలేదు. ‘యుగాంతం’ పేరుతో తెలుగులోకి వచ్చిన ‘2012’ (2009) నాటికి నగరాలకు నగరాలే సముద్రంలోకి ఒరిగిపోతుంటే, హీరో కుటుంబం ఒక కారులో తప్పించుకుంటూ ఉంటుంది. చుట్టూ చనిపోతున్న లక్షలమందిలో ఒక్కరి ముఖమూ మనకు తెలియదు.

నెక్లెస్ రోడ్డులో 2003లో ప్రసాద్స్ ఐమాక్స్ తెరుచుకున్నాక ఇటువంటి దృశ్యాలను అంత పెద్ద తెర మీద చూసే అవకాశం హైదరాబాద్‌కు దక్కింది. తయారీలోనూ ఈ నగరానికి భాగముంది. విదేశీ చిత్రాల గ్రాఫిక్స్ పనిని ముక్కలుగా విడగొట్టి అనేక దేశాలకు పంచుతారు. అందులో నటుడి ఆకారాన్ని నేపథ్యం నుంచి వేరుచేసే రోటో పని ఇక్కడి స్టూడియోలకు చాలాకాలంగా వస్తోంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అయిదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. ఒక కళాకారుడు ఒక్కో ఫ్రేములో జుట్టు అంచుదాకా గీత గీస్తూ కూర్చుంటాడు, ఆ మనిషి ఎందుకు పరుగెడుతున్నాడో అతనికి ఎవరూ చెప్పరు. ముందే ప్రకటించిన విడుదల తేదీని అందుకోవాలంటే భారీ దృశ్యాల రూపకల్పన కథ కుదురుకోకముందే మొదలుపెట్టాల్సి వస్తుంది. ఒకసారి డబ్బు పోశాక స్క్రిప్టు ఆ దృశ్యాల చుట్టూ తిరగక తప్పదు.

దీనికి భిన్నమైన దారి మన దక్షిణాదిలోనే కనిపించింది. 2018 కేరళ వరదలపై 2023లో వచ్చిన మలయాళ చిత్రం ‘2018’ హాలీవుడ్ స్థాయి ఖర్చు లేకుండానే, జాలరులూ ఇరుగుపొరుగూ ఒకరినొకరు కాపాడుకున్న వైనాన్ని చెప్పి, ఆస్కార్‌కు భారత అధికారిక ఎంట్రీగా వెళ్లింది.

హైదరాబాద్‌కూ తనదైన ప్రళయం ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని బలిగొంది. కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ నీటిలో పోగొట్టుకుని ఒంటరిగా మిగిలాడు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అంతటి వరదను తెర మీదకు తేగల పనివాళ్లు ఈరోజు ఈ నగరంలోనే ఉన్నారు. కానీ ఆ కొమ్మల మీద రాత్రంతా ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని కూర్చున్నారో ఊహించి రాసే రచయితకు, మొదటి షాట్ స్టూడియోకు చేరకముందే, కావలసినంత సమయం ఇవ్వాలి.