మృత సముద్రపు గ్రంథాలు నలభై ఏళ్లు ఎందుకు బయటికి రాలేదు?

1991 సెప్టెంబరులో మూడు వారాల వ్యవధిలో రెండు సంఘటనలు జరిగాయి. మొదటిది, సిన్సినాటిలోని హీబ్రూ యూనియన్ కాలేజీకి చెందిన బెన్ జియాన్ వాకోల్డర్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న మార్టిన్ అబెగ్ కలిసి, తమకు చూసే అనుమతే లేని రాతప్రతుల పాఠాన్ని కంప్యూటర్‌తో తిరిగి కట్టి అచ్చు వేయించారు. రెండోది, కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ తన దగ్గరున్న ఆ రాతప్రతుల ఫొటోలను ఏ పరిశోధకుడైనా వచ్చి చూసుకోవచ్చని ప్రకటించింది. ఈ రెండు దెబ్బలతో, రెండు వేల ఏళ్ల నాటి యూదు రాతప్రతులైన మృత సముద్రపు గ్రంథాల మీద ఒక చిన్న బృందానికి ఉన్న గుత్తాధిపత్యం కూలిపోయింది.

"ఆ గ్రంథాల్లో క్రైస్తవానికి ఇబ్బంది కలిగించే విషయాలున్నాయి, అందుకే వాటికన్ తొక్కిపెట్టింది" అనే మాట ఇప్పటికీ యూట్యూబ్ వీడియోల్లో వినిపిస్తుంది. అసలు సంగతి అంత మసాలా ఉన్నది కాదు. యూనివర్సిటీల్లో పనిచేసినవాళ్లకు మాత్రం బాగా తెలిసిన రకం.

1947 ప్రాంతంలో తామిరే తెగకు చెందిన బెదూయిన్ కాపరులకు మృత సముద్రం వాయవ్య తీరాన, కుమ్రాన్ దగ్గరి గుహలో మట్టి జాడీలు, వాటిలో తోలు చుట్టలు దొరికాయి. బేత్లెహేములో కాండో అనే వ్యాపారి ద్వారా అవి చేతులు మారాయి. ఏడు చుట్టల్లో మూడింటిని హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎలియాజర్ సుకెనిక్ కొన్నాడు. నాలుగు సిరియన్ ఆర్థడాక్స్ చర్చి మెత్రోపొలితా (ప్రధాన బిషప్) మార్ శామ్యూల్ చేతికి వెళ్లాయి. 1954 జూన్‌లో ఆయన వాటిని అమ్ముతామని వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో చిన్న క్లాసిఫైడ్ ప్రకటన ఇచ్చాడు. సుకెనిక్ కొడుకు యిగాయెల్ యాదిన్ మధ్యవర్తిని పెట్టి 2,50,000 డాలర్లకు కొనేశాడు. ఈ ఏడింటి విషయంలో పెద్ద ఆలస్యమేమీ జరగలేదు.

గొడవంతా 1952లో బయటపడిన నాలుగో గుహతో మొదలైంది. అక్కడ నిండు చుట్టలు లేవు. ఐదు వందలకు పైగా రాతప్రతులు వేలకు వేల తునకలుగా నేల మీద పడి ఉన్నాయి. కొన్ని గోరంతే ఉంటాయి, వాటి మీద రెండు మూడు అక్షరాలు. బెదూయిన్లకు చదరపు సెంటీమీటరుకు ఇంత అని లెక్కగట్టి డబ్బిచ్చారు. పెద్ద ముక్కను చింపి చిన్న ముక్కలుగా అమ్మినా లాభం లేకుండా ఆ పద్ధతి పెట్టారు. కొనడానికి జోర్డాన్ ప్రభుత్వం దగ్గర డబ్బు చాలక విదేశీ యూనివర్సిటీల సాయం అడిగారు. అలా సాయం చేసిన సంస్థల్లో వాటికన్ లైబ్రరీ కూడా ఉంది.

తూర్పు జెరూసలేం అప్పుడు జోర్డాన్ చేతిలో ఉంది. అక్కడి మ్యూజియంలో ఈ తునకలను చదవడానికి డొమినికన్ సన్యాసి రోలాండ్ ద వో నాయకత్వంలో ఎనిమిది మంది లోపు బృందం కుదిరింది. యూదు గ్రంథాలను చదివే ఆ బృందంలో ఒక్క యూదుడూ లేడు. అప్పటి సరిహద్దుల్లో అది సాధ్యమయ్యే పని కాదు కూడా. ఆనాటి ఫొటోలు చూస్తే ఇప్పటి కన్సర్వేటర్లకు ఒళ్లు జలదరిస్తుంది. కిటికీలోంచి ఎండ పడుతున్న బల్లల మీద తునకలు పరిచి, మామూలు సెల్లోటేపుతో అతికించారు. ఆ టేపు జిగురు తోలులోకి ఇంకి అక్షరాలను నల్లబరిచింది. దాన్ని వదిలించే పని దశాబ్దాల పాటు నడిచింది.

అయినా మొదటి ఆరేడేళ్లలో వాళ్లు చేసిన పని తక్కువదేమీ కాదు. తునకల్లో చాలా భాగాన్ని చేతిరాతను బట్టి, తోలును బట్టి వేరుచేసి ఏది ఏ ప్రతిదో తేల్చేశారు. పోలండుకు చెందిన మిలిక్ ఒక్కడే లెక్కలేనన్ని చదివాడు. 1960లో బృందాన్ని పోషిస్తున్న అమెరికన్ ధనికుడు రాక్‌ఫెల్లర్ డబ్బు ఆగిపోవడంతో అందరూ తలోదారి పట్టారు. ఎవరి వాటా గ్రంథాలు వాళ్ల పేరు మీదే ఉండిపోయాయి. పూర్తి చేయరు, వదులుకోరు. హార్వర్డ్‌లో స్థిరపడిన బృంద సభ్యులు క్రాస్, స్ట్రగ్నెల్ తమ విద్యార్థులకు ఆ తునకలనే పిహెచ్‌డీ అంశాలుగా ఇచ్చారు. బయటి ప్రొఫెసర్లకు మాత్రం చూసే అవకాశం లేదు. బృందంలో ఏ మతాన్నీ నమ్మని జాన్ అల్లెగ్రో తన వాటాను 1968లోనే ప్రచురించాడు. కానీ అందులో తప్పులెన్నున్నాయంటే, స్ట్రగ్నెల్ రాసిన సమీక్షే వంద పేజీలు దాటింది. త్వరపడితే ఏమవుతుందో చూశారా అనడానికి మిగతావాళ్లకు అది సాకైంది.

1967 యుద్ధంలో మ్యూజియం ఇజ్రాయెల్ చేతికి వచ్చింది. కొత్త యజమానులు పాత ఒప్పందాన్ని కదిలించలేదు. పదేళ్ల తర్వాత ఆక్స్‌ఫర్డ్ పండితుడు గేజా వెర్మెష్ ఈ ఆలస్యం ఇరవయ్యో శతాబ్దపు అతి పెద్ద విద్యాసంబంధ కుంభకోణం కాబోతోందని హెచ్చరించాడు. 1980ల మధ్య నుంచి హెర్షెల్ షాంక్స్ అనే లాయరు తన పత్రికలో ఏళ్ల తరబడి ఇదే అంశాన్ని పట్టుకుని వదల్లేదు. 1990లో బృందానికి ముఖ్య సంపాదకుడిగా ఉన్న స్ట్రగ్నెల్ ఇజ్రాయెల్‌లోని హారెట్జ్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో యూదుమతాన్ని కించపరుస్తూ మాట్లాడి పదవి పోగొట్టుకున్నాడు. ఆ స్థానంలోకి వచ్చిన ఇమాన్యుయేల్ టోవ్ యాభై మందికి పైగా పండితులను తీసుకుని పని పరుగెత్తించాడు.

వాకోల్డర్, అబెగ్ చేసిన పని ముచ్చటైనది. 1950ల చివర్లో బృందం తమ సౌకర్యం కోసం ప్రతి పదాన్నీ, దాని పక్కనున్న పదాలతో, అది ఏ ప్రతిలో ఏ వరుసలో ఉందో కార్డుల మీద రాసిపెట్టుకుంది. ఆ పదసూచిక 1988లో కొద్ది కాపీలుగా కొన్ని లైబ్రరీలకు చేరింది. కార్డులో పక్క పదాలున్నాయి కాబట్టి, వాటిని ఒకదాని వెంట ఒకటి గొలుసులా కలుపుకుంటూ పోతే మూల వాక్యం తిరిగి వస్తుంది. తాళం వేసిన గది బయటే తాళంచెవి వదిలేసినట్టయింది.

ఇంతకీ అన్నీ బయటపడ్డాక ఏం తేలింది? యేసు పేరు ఎక్కడా లేదు. వాటిలో అధిక భాగం ఆయన పుట్టక ముందు రాసినవే. సంచలనం కోసం ఎదురుచూసినవాళ్లు నీరుగారిపోయారు. హీబ్రూ లేఖనాల చరిత్ర చదివేవాళ్లకు మాత్రం పండగే.

ఒక ఉదాహరణ చెప్తాను. మన తెలుగు బైబిల్లో మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో గొల్యాతు "ఆరుమూళ్లజేనెడు" ఎత్తు మనిషి, అంటే తొమ్మిది అడుగుల పైమాటే. నాలుగో గుహలో దొరికిన సమూయేలు ప్రతిలో నాలుగు మూరల జేనెడే ఉంది. సుమారు ఆరున్నర అడుగులు. పాత గ్రీకు అనువాదంలోనూ నాలుగే. గ్రీకు అనువాదకులు పొరపడ్డారనో మార్చారనో చాలాకాలం కొందరు అనుకున్నారు. వాళ్ల ముందున్న హీబ్రూ ప్రతిలోనే అలా ఉండేదనడానికి ఇప్పుడు సాక్ష్యం దొరికింది. అదే ప్రతిలో 11వ అధ్యాయానికి ముందు, అమ్మోనీయుడైన నాహాషు జనం కుడికళ్లు పెకలించిన సంగతి చెప్పే పేరా ఒకటుంది. మన బైబిల్లో అది లేదు. ఈ ప్రతి గురించి క్రాస్ 1953లోనే కొంత చెప్పాడు. పూర్తి ప్రచురణ వచ్చింది మాత్రం 2005లో!

యిర్మీయా గ్రంథం ఇంకా విచిత్రం. గ్రీకు యిర్మీయా హీబ్రూ దానికన్నా దాదాపు ఎనిమిదో వంతు చిన్నది. నాలుగో గుహలో ఆ పొట్టి పాఠానికి దగ్గరగా ఉన్న హీబ్రూ తునకలూ, పొడవు పాఠం తునకలూ పక్కపక్కనే దొరికాయి. వాటిని దాచుకున్నవాళ్లకు రెండూ పరిశుద్ధ గ్రంథమే అయి ఉండాలి. మరోవైపు మొదటి గుహలోని ఏడు మీటర్ల పైచిలుకు యెషయా చుట్ట, వెయ్యేళ్ల తర్వాతి ప్రతులతో స్థూలంగా సరిపోతుంది. కాబట్టి "ఒక్క అక్షరం మారలేదు" అనేవాళ్లకీ, "అంతా మార్చేశారు" అనేవాళ్లకీ ఈ గుహలు పూర్తిగా కలిసిరావు.

గుత్తాధిపత్యం పోయినా కేసులు పోలేదు. 1991లోనే షాంక్స్ ప్రచురించిన ఫొటోల సంపుటిలో, ఎమ్‌ఎమ్‌టీ అని పిలిచే ఒక మతవిధుల లేఖ పాఠం 121 వరుసలు అచ్చయింది. ఆరు ప్రతుల తునకలను కలిపి, ఖాళీలు పూరించి దాన్ని ఏళ్ల తరబడి కూర్చిన ఎలీషా కిమ్రాన్ పేరు మాత్రం లేదు. ఆయన కోర్టుకెక్కాడు. 1993లో జెరూసలేం జిల్లా కోర్టు లక్ష షెకెళ్ల పరిహారం ఇప్పించింది, 2000లో సుప్రీంకోర్టు కాపీరైట్ కిమ్రాన్‌దేనని తేల్చింది. ఆయన శ్రమకు గుర్తింపు దక్కడం న్యాయమే. కానీ తీర్పును విమర్శించేవాళ్లు ఒక చిక్కు ప్రశ్న వేస్తారు: పూరించిన పదాలు సరైనవైతే వాటిని రాసింది రెండు వేల ఏళ్ల కిందటి మనిషి కదా, కిమ్రాన్ సొంతం ఎలా అవుతాయి?