తుప్పు గుంత ఎంత పొడవుంది?

పైపులైనుకు తుప్పు పట్టిందనగానే అందరూ అడిగేది గుంత ఎంత లోతుందని. గ్యాసునో చమురునో అధిక పీడనంతో మోసే ఉక్కు గొట్టం విషయంలో ఆ ప్రశ్న సగమే. గొట్టం నిలుస్తుందా, చీలుతుందా అని తేల్చడంలో గొట్టం నిడివి వెంబడి గుంతకున్న పొడవుకూ అంతే పాత్ర ఉంది.

లోపలి పీడనం గొట్టం గోడను రెండు దిక్కుల్లో లాగుతుంది. చుట్టుకొలత వెంబడి పడే ప్రతిబలం (గోడలో ఒక్కో చదరపు వైశాల్యం మోసే లాగుడు), గొట్టం పొడవు వెంబడి పడేదానికి రెట్టింపు. 600 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. గోడ మందం ఉన్న గొట్టంలో 7 మెగాపాస్కల్స్ పీడనం ఉందనుకుందాం (పీడనాన్నీ ప్రతిబలాన్నీ కొలిచే ప్రమాణమే మెగాపాస్కల్). పీడనాన్ని వ్యాసంతో హెచ్చించి, మందానికి రెట్టింపుతో భాగిస్తే 210 మెగాపాస్కల్స్ చుట్టు ప్రతిబలం వస్తుంది. ఎక్స్52 రకం ఉక్కు సాగడం మొదలయ్యేది సుమారు 360 దగ్గర. అంటే కొత్త గొట్టానికి కావలసినంత బలం చేతిలో ఉంటుంది.

తుప్పు మిగిలిన ఉక్కును మెత్తబరచదు. లోహాన్ని తినేస్తుంది, అంతే. పోయిన లోహం మోయాల్సిన భారాన్ని పక్కనున్న మందమైన గోడ పంచుకుంటుంది. గుంత చిన్నదైతే నాలుగు వైపులా ఆసరా దగ్గరగానే ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ రెండు కొసల దగ్గరి గట్టి గోడ దూరమవుతుంది, నడిమి భాగం పాత సైకిల్ ట్యూబులో బుడిపె లేచినట్టు బయటికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు అదనపు వంపును తెచ్చి ప్రతిబలాన్ని ఇంకా పెంచుతుంది. ఈ పెరుగుదలను లెక్కకు తెచ్చే గుణకానికి ఫోలియాస్ గుణకమని పేరు. గుంత ఉన్న గొట్టం ఏ పీడనం దగ్గర పగులుతుందో ఈ గుణకంతో లెక్కించే సూత్రాలున్నాయి. తుప్పు పట్టిన గొట్టాలను నిజంగానే పీడనంతో పగలగొట్టి చూసిన ప్రయోగాల మీద అవి నిలబడ్డాయి. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం 1984లో వాటిని బీ31జీ పేరుతో ప్రమాణంగా తెచ్చింది. తర్వాత దాన్ని సవరించారు.

సవరించిన సూత్రంతో మన గొట్టాన్నే లెక్కేస్తే తేడా కళ్లకు కడుతుంది. గుంత లేని గొట్టం సుమారు 14 మెగాపాస్కల్స్ దగ్గర పగులుతుంది. 5 మి.మీ. లోతు, 50 మి.మీ. పొడవు గుంత పడితే 13. లోతు అదే ఉండి పొడవు 300 మి.మీ. అయితే 9.5. అదే పొడవులో లోతు 8 మి.మీ.కు చేరితే 6కు దిగువనే, అంటే గొట్టంలో నడిచే 7 మెగాపాస్కల్స్ పీడనం కంటే తక్కువకే. కానీ 8 మి.మీ. లోతున్నా పొడవు 50 మి.మీ. మాత్రమే అయితే సుమారు 11.6 దాకా తట్టుకుంటుంది.

ఆ ఆఖరి గుంతను క్షేమమని మాత్రం అనలేం. అది చీలదు గానీ త్వరలో చిల్లు పడి కారుతుంది. పొట్టిగా, లోతుగా ఉన్న గుంత కారడానికీ, పొడవాటిది నిలువునా చీలడానికీ దారి తీస్తాయి. మనుషుల ప్రాణాల పరంగా ఈ రెంటికీ చాలా అంతరం ఉంది. గుంత అడ్డంగా, అంటే చుట్టుకొలత వెంబడి, ఎంత వెడల్పుందన్నది ఈ సూత్రంలో లేనే లేదు. నేల జారి గొట్టం వంగినప్పుడు మాత్రం ఆ వెడల్పును విస్మరించకూడదు.

2000 ఆగస్టు 19న న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్ దగ్గర 30 అంగుళాల గ్యాసు పైపులైను పగిలింది. సమీపంలో గుడారాలు వేసుకున్న 12 మంది ప్రాణాలు కోల్పోయారు. కారణం లోపలి తుప్పే. కొన్నిచోట్ల గోడ మందంలో 72 శాతం దాకా పోయిందని దర్యాప్తులో తేలింది. గొట్టం లోపల నడుస్తూ శుభ్రం చేసే పిగ్‌లు ఆ భాగంలోకి వెళ్లే వీలు లేదు. ఈ వివరం నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. సూత్రం ఎంత మంచిదైనా, గుంత కొలతలు చేతికి రాకపోతే దానితో చేసేదేమీ లేదు.

వీలున్న చోట ఆ కొలతలు తెచ్చేది తనిఖీ పిగ్. గోడను అయస్కాంతీకరించి, లోహం తగ్గినచోట బయటికి పొంగే అయస్కాంత క్షేత్రాన్ని బట్టి గుంతను అంచనా వేస్తుంది. కానీ అది చెప్పేది ఆనాటి లోతు. మన 300 మి.మీ. గుంత 5 మి.మీ. లోతు నుంచి ఏడాదికి 0.3 మి.మీ. చొప్పున దిగితే, సుమారు ఏడేళ్లలో పగిలే పీడనం నడిచే పీడనానికి సమానమవుతుంది. పిగ్ కొలతలో పొరపాటూ ఉంటుంది, తుప్పు వేగం మారుతూనూ ఉంటుంది. కాబట్టి తర్వాతి తనిఖీని ఆ ఏడేళ్లలో సగం గడవకముందే పెట్టుకోవాలి.