వేసవి ప్రాజెక్టులో నైట్రోజన్ లేజర్: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ భౌతికశాస్త్రం చదివే విద్యార్థులు ఎనిమిది వారాల వేసవి ప్రాజెక్టు కోసం మా ప్రయోగశాలకు వచ్చినప్పుడు, వారిలో ఒకరికైనా నైట్రోజన్ లేజర్ నిర్మాణాన్ని అప్పగించడం నాకు ఇష్టం. రాగిపూత ఉన్న ఎపాక్సీ బోర్డు, రెండు అల్యూమినియం పట్టీలు, ఒక హైవోల్టేజి సప్లై ఉంటే 337.1 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత లేజర్ కాంతిని పుట్టించవచ్చు. అయితే వారు మనసులో పెట్టుకుని వచ్చే కొన్ని అభిప్రాయాలను సరిచేయడానికే మొదటి వారమంతా పడుతుంది.

అపోహ: ఎదురెదురుగా రెండు అద్దాలు లేనిదే లేజర్ లేదు.

వాస్తవం: 1960 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో అలీ జవాన్ బృందం నడిపిన హీలియం-నియాన్ లేజర్ అద్దాల మధ్యనే పనిచేసింది, పాఠ్యపుస్తకాల్లోని పటాలూ అలాగే ఉంటాయి కనుక ఈ అభిప్రాయం ఏర్పడడం సహజమే. ఆ వాయుమిశ్రమంలో కాంతి ఒకసారి ప్రయాణిస్తే బలపడేది చాలా స్వల్పం కాబట్టి దాన్ని పదేపదే తిప్పవలసి వస్తుంది. నైట్రోజన్‌లో మాత్రం ఒక్క ప్రయాణంలోనే కాంతి ఎన్నో రెట్లు పెరుగుతుంది. తిప్పడానికి వ్యవధి కూడా ఉండదు. ఉత్తేజితమైన అణువు ఎగువ శక్తిస్థాయిలో నిలిచేది కొద్ది నానోసెకన్లే కాగా, కాంతిని విడిచి దిగిన తరువాత దిగువ స్థాయిలో మైక్రోసెకన్ల పాటు ఉండిపోతుంది. అందువల్ల దిగువ స్థాయి నిండిపోయి లేజర్ తనంతట తానే ఆగిపోతుంది. నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వెళ్లే కాంతికి, అంతే దూరంలో ఉన్న అద్దాల మధ్య ఒక్కసారి వెళ్లిరావడానికే 2 నానోసెకన్లు కావాలి. వెనుకవైపు ఒక అద్దం పెడితే ముందుకు వచ్చే వెలుగు పెరుగుతుంది, అంతవరకే దాని ఉపయోగం.

అపోహ: స్వచ్ఛమైన వాయువు, వాక్యూమ్ పంపు తప్పనిసరి.

వాస్తవం: గదిలోని గాలిలో 78 శాతం నైట్రోజనే. ఆక్సిజన్ కొంత శక్తిని హరించినా, మామూలు వాతావరణ పీడనం వద్ద, మామూలు గాలితోనే ఈ లేజర్ పనిచేస్తుంది.

అపోహ: వెలుగు రాకపోతే వోల్టేజి పెంచితే సరిపోతుంది.

వాస్తవం: విద్యార్థుల కాలాన్ని అన్నిటికంటే ఎక్కువగా తినేసేది ఈ అభిప్రాయమే. ఈ లేజర్‌కు కావలసింది వోల్టేజి కన్నా వేగం. బోర్డు పైభాగంలోని రాగిపూతను నడుమ గీత తీసి రెండు పలకలుగా విడదీస్తాము, అడుగుపూత రెండింటికీ ఉమ్మడి. అలా ఛార్జిని నిల్వ చేసే రెండు కెపాసిటర్లు తయారవుతాయి. గీతకు ఇరువైపులా ఎలక్ట్రోడ్లుగా అల్యూమినియం పట్టీలు ఉంటాయి, రెండు పలకలనూ ఒక తీగచుట్ట కలుపుతుంది. ఛార్జి నెమ్మదిగా ఎక్కుతున్నంతసేపూ రెండు పలకలూ సమాన వోల్టేజిలో ఉంటాయి కాబట్టి పట్టీల మధ్య ఏమీ జరగదు. ఒక పలక అంచున ఉన్న స్పార్క్ గ్యాప్ (కొద్ది ఎడంతో ఎదురెదురుగా ఉన్న రెండు లోహపు కొనలు) పేలగానే, అంటే ఆ కొనల మధ్య స్పార్కు దూకగానే, ఆ పలక వోల్టేజి నానోసెకన్లలో పడిపోతుంది. తీగచుట్ట అంత వేగాన్ని అనుమతించదు గనుక రెండో పలక ఇంకా నిండుగానే ఉండి, మొత్తం వోల్టేజి ఒక్కసారిగా పట్టీల మధ్య గాలి మీద పడుతుంది. స్పార్క్ గ్యాప్‌కు వెళ్లే తీగ నాలుగు సెంటీమీటర్లు ఎక్కువైనా ఆ వేగం దెబ్బతింటుంది.

ఒక విద్యార్థిని పది రోజులపాటు వోల్టేజినే మారుస్తూ నిరాశపడింది. పట్టీలను విప్పి చూస్తే ఒక చివర ఎడం కాస్త తక్కువగా ఉంది, విద్యుత్తంతా అక్కడే ఒకటి రెండు తెల్లని స్పార్కులుగా దూకుతోంది. పట్టీల అంచులను నునుపు చేసి, ఎడాన్ని పొడవునా సరిచేసిన రోజున స్పార్కులు పోయి సన్నని ఊదారంగు తెర పరుచుకుంది, ఎదుట ఉంచిన తెల్లకాగితం మీద నీలిచుక్క వెలిగింది. ఆ సాయంత్రం ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అపోహ: కంటికి కనిపించని బలహీనమైన కాంతి వల్ల ప్రమాదం ఏమీ ఉండదు.

వాస్తవం: కాగితం మీద మనకు కనిపించే నీలిరంగు, కాగితంలో తెలుపు కోసం కలిపిన రసాయనం ప్రతిదీప్తి వల్ల, అంటే అతినీలలోహిత కాంతిని పీల్చుకుని కనిపించే కాంతిగా విడవడం వల్ల, ఇచ్చేది. అసలు అతినీలలోహిత కిరణం కనిపించదు గనుక కన్ను దాని నుంచి తప్పుకోదు; పాలీకార్బొనేట్ కళ్లజోడు లేకుండా ఎవరినీ బల్ల దగ్గరికి రానివ్వను. అంతకంటే పెద్ద ప్రమాదం విద్యుత్తు. 30 × 20 సెంటీమీటర్ల పలక, 1.6 మిల్లీమీటర్ల మందం ఉన్న బోర్డు మీద సుమారు 1.5 నానోఫారడ్ల కెపాసిటర్ అవుతుంది; 10 కిలోవోల్టుల వద్ద అందులో దాదాపు 0.075 జౌళ్లు నిల్వ ఉంటాయి. ఆ సంఖ్య చిన్నదిగా కనిపించినా, దాన్ని నింపే సప్లై అంత దయగలది కాదు. స్విచ్చి తీసేసిన తరువాత కూడా ఛార్జి మిగిలి ఉంటుంది కనుక ఎర్త్ కడ్డీతో పలకలను తాకించకుండా చేయి పెట్టకూడదు, ఒంటరిగా పనిచేయకూడదు.

అపోహ: నీలిచుక్క కనిపించిన రోజుతో ప్రాజెక్టు పూర్తయినట్టే.

వాస్తవం: స్పార్కు కూడా అతినీలలోహిత కాంతిని ఇస్తుంది కాబట్టి, వచ్చినది లేజర్ అని నిరూపించే పని అప్పుడే మొదలవుతుంది. కాగితాన్ని మీటరు దూరం జరిపినా చుక్క పెద్దగా విస్తరించకూడదు. ఎలక్ట్రోడ్ల పొడవును సగానికి తగ్గించినప్పుడు మామూలు వెలుగైతే దాదాపు సగానికి తగ్గాలి. ప్రయాణంలో బలపడుతున్న కాంతి అయితే సగం కన్నా బాగా తక్కువకు పడిపోవాలి. మిగిలిన వారాలన్నీ నేను వారిచేత ఈ కొలతలే చేయిస్తాను, ఒక్కొక్క పొడవుకూ వంద పల్సుల చొప్పున.