ఎంజీబీ ముందు చక్రంలో ఆ గొట్టం ఎందుకు?

ఇంగ్లండ్‌లో ఉంటున్న ఒక పాఠకుడు పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొన్నారు. ముందు చక్రాల బేరింగ్‌లు మారుద్దామని హబ్, అంటే చక్రం నడిమి దిమ్మ, విప్పితే, రెండు బేరింగ్‌ల మధ్య ఒక ఉక్కు గొట్టం, దానితో పాటు కొన్ని పల్చటి రింగులు బయటపడ్డాయట. "అవి లేకపోయినా కారు నడుస్తుంది, తీసి పారెయ్" అని తెలిసినాయన సలహా. పారేయొచ్చా అని నన్ను అడిగారు.

పారేయకూడదు. ఎందుకో చెప్పాలంటే ముందు బేరింగ్ సంగతి చెప్పాలి. నాకు చెప్పాలని ఉన్నది కూడా అదే.

ఎంజీబీ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారైంది. ఐదు లక్షలకు పైగా బండ్లు బయటికొచ్చాయి. ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను. ముందు చక్రం మాత్రం కదలని ఒక పొట్టి ఇరుసు మీద, అంటే స్టబ్ యాక్సిల్ మీద, హబ్‌తో పాటు తిరుగుతుంది. హబ్‌లో లోపలి వైపు ఒక పెద్ద బేరింగ్, బయటి వైపు ఒక చిన్న బేరింగ్ ఉంటాయి. రెండూ టేపర్ రోలర్ బేరింగ్‌లే.

పల్లీలు తినేశాక ఆ కాగితం పొట్లాన్ని నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. అది తిన్నగా పోదు. మొన ఉన్నచోటే ఉంటుంది, నోరు దాని చుట్టూ తిరుగుతుంది. నోటి దగ్గర చుట్టుకొలత ఎక్కువ కాబట్టి ఒక్క దొర్లుకి ఎక్కువ దూరం పోతుంది. మొన వైపు వచ్చేకొద్దీ చుట్టుకొలతా తగ్గుతుంది, పోవాల్సిన దూరమూ అదే లెక్కన తగ్గుతుంది. అందుకే ఎక్కడా జారకుండా పొడవంతా దొర్లుతుంది. టేపర్ రోలర్ అంటే మొన కోసేసిన పొట్లమే. అది దొర్లే దారులు, అంటే లోపలి రేసు, బయటి రేసు కూడా శంకువులే. ఈ శంకువుల మొనలన్నిటినీ ఊహలో పొడిగిస్తే, యాక్సిల్ మధ్యరేఖ మీద ఒకే బిందువులో కలవాలి. కలవకపోతే రోలర్ ఒక కొస దొర్లుతుంటే రెండో కొస రాసుకుంటుంది, వేడెక్కుతుంది.

అదే పొట్లాన్ని ఏటవాలుగా ఉన్న రెండు పలకల మధ్య పెట్టి నొక్కండి. నోటి వైపుకి జారిపోవాలని చూస్తుంది. రోలర్ కూడా అంతే. కారు బరువు పైనుంచి పడగానే పెద్ద కొస వైపు తోసుకొస్తుంది. దాన్ని ఆపడానికి లోపలి రేసుకి ఒక గట్టు ఉంటుంది. దొర్లడం కాకుండా నిజంగా రాపిడి ఉండేది అక్కడే, గ్రీజు లేకపోతే ముందు మాడేదీ అక్కడే. పొట్లం మరో పని కూడా చేస్తుంది: నిలువు బరువులో కొంత భాగాన్ని అడ్డంగా తిప్పి, హబ్‌ను ఒక పక్కకి నెడుతుంది. దాన్ని కాసుకోవడానికి ఎదురుగా ఇంకో టేపర్ బేరింగ్ ఉండి తీరాలి. అందుకే ఇవి ఎప్పుడూ జంటగా వస్తాయి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో గుర్రపు బళ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మలుపులో చక్రాన్ని పక్కకి తోసే బలం బళ్లవాళ్లకి ముందునుంచీ తెలిసిన తలనొప్పే.

ఈ జంట మధ్య ఎంత సందు ఉంచాలన్నదే మెకానిక్ పని. దీన్నే ప్లే అంటారు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ లాంటి కార్లలో నట్‌ను కాస్త బిగించి, కొంచెం వెనక్కి తిప్పి, అది తిరగకుండా పిన్ పెట్టేస్తారు. అక్కడ నట్ బిగువంతా రోలర్ల మీదే పడుతుంది కాబట్టి వదులుగా వదిలేయక తప్పదు.

ఎంజీబీలో అలా కాదు. నట్ బిగించగానే వాషరు, చిన్న బేరింగ్ లోపలి రేసు, షిమ్‌లు అనే ఆ పల్చటి రింగులు, గొట్టం, పెద్ద బేరింగ్ లోపలి రేసు, అన్నీ వరసగా యాక్సిల్ భుజానికి, అంటే అది లావెక్కే అంచుకి, నొక్కుకుపోతాయి. నట్ బలం ఈ వరస గుండానే పోతుంది తప్ప రోలర్ల మీదికి రాదు. ప్లే ఎంతుండాలో షిమ్‌ల మందమే తేలుస్తుంది. కాబట్టి నట్‌ను ధైర్యంగా బిగించొచ్చు.

బిగిస్తే ఏమిటి లాభం? మలుపులో టైరు నేలను తాకే చోట 300 కిలోల పక్కతోపుడు వచ్చిందనుకుందాం. ఆ చోటు యాక్సిల్‌కి దాదాపు 30 సెంటీమీటర్ల కింద ఉంటుంది. అంటే 90 కిలోగ్రామ్-మీటర్ల మెలి (బలాన్ని దూరంతో హెచ్చించిన లెక్క) యాక్సిల్‌ను వంచబోతుంది. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే శక్తి వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పావువంతు పెరిగితే శక్తి 2.44 రెట్లవుతుంది. బిగువులో ఉన్నంతసేపు గొట్టమూ యాక్సిలూ కలిసి ఒకే లావుపాటి కడ్డీలా వంపుని ఎదుర్కొంటాయి. నట్ వదులైతే గొట్టం ఊరికే కూర్చుంటుంది, భారమంతా సన్నటి యాక్సిల్ మీద పడుతుంది. పైగా ముందే సాగి బిగుసుకుని ఉన్న ఉక్కు, వచ్చేపోయే బలాల హెచ్చుతగ్గుల్లో తక్కువ వాటానే చూస్తుంది, అలసి పగిలే భయం తగ్గుతుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ నాలుగో ఘాతాన్ని అందరి చేతా బట్టీ పట్టిస్తారు. ఒక్క హబ్ విప్పి చూపిస్తే పరీక్ష టెన్షన్ సగం తగ్గేది.

గొట్టం తీసేసిన కారు నడుస్తుంది, నిజమే. నెమ్మదిగా తోలేవాళ్లకి ఏళ్ల తరబడి తేడా తెలియకపోవచ్చు. గొట్టం తీసేసి, "ఎంత బిగిస్తే అంత క్షేమం" అనుకుని నట్ బిగిస్తే మాత్రం రోలర్లు కాలిపోతాయి.

ఇక పని. ముందు షిమ్‌లు లేకుండా గొట్టం పెట్టి, హబ్ పట్టేసేదాకా నట్ బిగించండి. బయటి రేసులు హబ్‌లో అడుగుదాకా కూర్చోవడానికే ఇది. తర్వాత విప్పి, ప్లే కావాలనే ఎక్కువొచ్చేలా షిమ్‌లు వేసి మళ్లీ బిగించి, డయల్ గేజ్‌తో, అంటే చిన్న కదలికని కూడా ముల్లుతో చూపే సాధనంతో, కొలవండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే లాభం లేదు. హబ్‌ను యాక్సిల్ వెంట లోపలికీ బయటికీ తోసి లాగాలి. గేజ్ 0.011 అంగుళాలు చూపించిందనుకోండి. ఉండాల్సింది 0.002 నుంచి 0.004. కాబట్టి 0.008 మందం షిమ్‌లు తీసేస్తే 0.003 మిగులుతుంది. షిమ్‌లు 0.003, 0.005, 0.010 మందాల్లో దొరుకుతాయి, ఈ లెక్కకి మొదటి రెండూ కలిపితే సరి. ఆ కాస్త సందూ నడకలో వేడికి లోహం వ్యాకోచించడానికి.

నట్ బిగువు 40 నుంచి 70 పౌండ్-అడుగులు. అంత వెసులుబాటు ఎందుకంటే నట్ గాడి, యాక్సిల్ రంధ్రం ఎదురుపడి పిన్ దూరాలి కాబట్టి. 40 దగ్గర కుదరకపోతే ఇంకాస్త బిగించండి, వెనక్కి మాత్రం తిప్పొద్దు. పిన్ ప్రతిసారీ కొత్తదే వేయండి. గ్రీజు రోలర్ల మధ్య నిండా దట్టించండి, బయటి మూతలో కుక్కకండి. కుడి చక్రం గొట్టం, షిమ్‌లు ఎడమ దాంతో కలవనీయకండి. బేరింగ్ కొత్తదైతే పాత షిమ్‌ల లెక్క పనికిరాదు, మళ్లీ మొదటినుంచి కొలవాల్సిందే.