రూట్ ఉన్నా వదలని ఏజెంటు: రాయగడ ల్యాబ్ గొడవ వెనక

ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) మెషిన్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఒప్పందం ముగిశాక సెక్యూరిటీ ఏజెంటును, అంటే మెషిన్‌లో కాపలా కాసే సాఫ్ట్‌వేర్‌ను, తీయబోతే అది టోకెన్ (తీయడానికి అనుమతినిచ్చే కోడ్) అడిగింది. టోకెన్ విశాఖ సప్లయర్ దగ్గరుంది. పాత బిల్లు తేలనిదే ఇవ్వనన్నాడు. విసిగిపోయిన ల్యాబ్ వాళ్లు ఏజెంటు ఫోల్డర్‌ను చేత్తో చెరిపేశారు. ఇప్పుడు ఏ అప్‌డేట్ పెట్టినా ఎర్రరే.

లినక్స్‌కు వైరస్ రాదన్న పాత వాదం అందరికీ తెలుసు, వదిలేద్దాం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయిన సంగతిని కాలేజీ వాళ్లు మాటిమాటికీ ఎత్తుతున్నారు. అవి విండోస్ మెషిన్లు, ఈ తగాదాకు అంతగా అతకవు.

అసలు మలుపు వేరే ఉంది. లినక్స్‌కు నమూనా అయిన యూనిక్స్‌లో ఒకప్పుడు రూట్ (మెషిన్ మీద సర్వాధికారాలున్న ఖాతా) మాటే చివరిమాట. ఏ ప్యాకేజీనైనా, అంటే ఎక్కించిన ఏ సాఫ్ట్‌వేర్‌నైనా, ఒక్క కమాండ్‌తో తీసేయొచ్చు. చొరబాటుదారులూ అదే చేశారు. రూట్ చేజిక్కగానే ముందు యాంటీవైరస్‌ను ఆపి, తర్వాత ఫైళ్ల పని పట్టేవాళ్లు. అందుకే కంపెనీలు ట్యాంపర్ ప్రొటెక్షన్ తెచ్చాయి: ఏజెంటును తీయాలంటే కన్సోల్ (ఏజెంట్లన్నిటినీ దూరం నుంచి నడిపే అడ్మిన్ పేజీ) ఇచ్చే టోకెన్ కావాలి. కారణం సబబే. కానీ కన్సోల్ అమ్మినవాడి చేతిలోనే ఉండిపోతే కొన్నవాడికి రూట్ ఉండీ ఏం లాభం? ఇక్కడ జరిగింది అదే. ల్యాబ్ ఇన్‌చార్జి తెలుగాయనే, సప్లయర్ కూడా రైలెక్కి వచ్చిపోయే మనిషే కావడంతో సగం షరతులు నోటిమాటగానే నడిచాయి.

కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వేయొద్దని ముందే చెప్పానంటాడు సప్లయర్. అందులో కొంత నిజముంది. కెర్నల్ మాడ్యూల్‌తో, అంటే కెర్నల్‌లోకే చేరే ముక్కతో, నడిచే ఏజెంటు తనకు తెలియని వెర్షన్ మీద సరిగా పనిచేయదు. 2024 జూన్‌లో లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ కూడా ఒక కెర్నల్ వెర్షన్‌పై క్రౌడ్‌స్ట్రైక్ సెన్సర్‌తో (వాళ్ల ఏజెంటుతో) కెర్నల్ పానిక్ వస్తోందని, అంటే మెషినే ఆగిపోతోందని, హెచ్చరించింది. ఆపిల్ అయితే 2019లో కటాలినా అనే మ్యాక్ వెర్షన్‌తోనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయటికి మళ్లించడం మొదలుపెట్టింది. అయినా భద్రతా అప్‌డేట్‌లు ఆపుకుని సెక్యూరిటీ ఏజెంటును కాపాడుకోమనడం ఏం న్యాయం?

ఫోల్డర్ చెరపడం పొరపాటే. ఫైళ్లు పోయినా డీపీకేజీ (ఉబుంటులో ప్యాకేజీల లెక్క చూసే ప్రోగ్రామ్) రికార్డులో ప్యాకేజీ అలాగే ఉంటుంది. తొలగింపు స్క్రిప్టు అప్పటికే చెరిగిపోయిన ఫైలును వెతికి విఫలమవడంతో, ప్యాకేజీ సగంలో ఇరుక్కుంది. అదే వెర్షన్‌ను మళ్లీ ఎక్కించి పద్ధతిగా తీయాలి. దానికీ టోకెన్ కావాలి. కాలేజీకి వచ్చిన కొత్త కొటేషన్‌లో ధర ఉంది, కాలపరిమితి ఉంది, కన్సోల్ ఎవరి పేరున ఉంటుందో మాత్రం రాయలేదు.