ఫైలు ఉంది, అందులో మాట దొరకదు

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా క్లాక్ టవర్ దగ్గరి సందుల్లో పాత డీటీపీ సెంటర్‌కు వెళ్లి, ఇరవై ఏళ్ల కింద టైప్ చేయించిన కాగితం ఒకటి అడిగి చూడండి. ఫ్లోరైడ్ నీళ్ల గురించి మర్రిగూడ వాళ్లు కలెక్టర్‌కు ఇచ్చిన వినతిపత్రమో, బొంబాయి వలసల మీద పాలమూరులో పంచిన కరపత్రమో. ఫైలు హార్డ్‌డిస్క్‌లో ఉండే ఉంటుంది. ఏ పేరుతో సేవ్ చేశారో ఎవరికీ గుర్తుండదు. సరే, లోపలి మాటతోనే వెతుకుదామని ‘ఫ్లోరైడ్’ అని కొడితే ఏమీ రాదు. కంప్యూటర్ బాగానే ఉంది. మనం అనుకునే అర్థంలో ఆ ఫైలులో తెలుగు అక్షరమే లేదు.

ఫైలు లోపల మాటను వెతకడం కొత్త విద్యేమీ కాదు. 1973 నాటికే అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ గ్రెప్ అనే చిన్న ప్రోగ్రాంను యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో పెట్టాడు. ఫెడరలిస్ట్ వ్యాసాలు అని అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన 85 వ్యాసాలున్నాయి. వాటిలో కొన్నింటిని ఎవరు రాశారో తేల్చాలని లీ మెక్‌మాన్ అనే సహోద్యోగి కూర్చున్నాడు. అంత పెద్ద పాఠం, రాతను దిద్దుకునే అప్పటి ఎడిటర్‌లోకి పట్టలేదు. దాంతో ఎడిటర్‌లోని వెతుకులాట భాగాన్ని మాత్రమే విడదీసి ఇచ్చారు. ఇచ్చిన గుర్తుల వరుస ఏ లైన్‌లో ఉందో చూసి, ఆ లైన్‌ను అచ్చంగా చూపించడమే దాని పని. ఈ రోజుకీ వెతుకులాట మూలసూత్రం అదే. మాట ఏ గుర్తులతో దాచి ఉందో, వెతికేవాడు ఆ గుర్తులతోనే అడగాలి. మన చిక్కంతా ఇక్కడే మొదలైంది.

తొంభైల్లో డీటీపీ వచ్చేసరికి ఒక ఫాంట్‌లో అక్షరాల ఆకారాలకు 256 గదులకు మించి ఉండేవి కావు. తెలుగు గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే ఆ గదులు ఏ మూలకూ చాలవు. అందుకని అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీలు అక్షరాన్ని ముక్కలు చేశాయి. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో పెట్టి, ఆపరేటర్ కొట్టినప్పుడు వాటిని పక్కపక్కన పేర్చాయి. ఆ గదులు నిజానికి ఇంగ్లిష్ అక్షరాలవి, గుర్తులవి. ఫాంట్ తీసేస్తే స్క్రీన్ మీద మిగిలేది అర్థం లేని ఇంగ్లిష్ చెత్త. ఫైలులో దాగి ఉన్నదీ అదే. పైగా ఏ కంపెనీ గదుల వరుస దానిదే కాబట్టి ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరుచుకునేది కాదు. దీనికి ఆపరేటర్లను తప్పుపట్టడం అన్యాయం. పెళ్లికార్డు పొద్దున ఇచ్చి సాయంత్రానికి కావాలనేవాళ్లకు అక్షరం అందంగా పడితే చాలు.

వేరే దారి అప్పటికే ఉంది. ప్రధాన భారతీయ లిపులకు కలిపి, కంప్యూటర్లో అక్షరాలను దాచే ఇస్కీ అనే ప్రమాణం 1991లో ఖరారైంది. అదే ఏడాది వచ్చిన, ప్రపంచ లిపులకు తలా ఒక చోటు ఇచ్చే యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు 128 గదుల సొంత వీధి దక్కింది. 1992లో అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌తో కలిసి న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనాల బల్ల మీద పరిచిన కాగితంపై యూనికోడ్ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిని గీశాడు. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఆ పద్ధతిలో దాచిన తెలుగును థాంప్సన్ పాత ప్రోగ్రాం తరహాలోనే బైట్లు పోల్చి వెతకొచ్చు.

మరి ఇది క్లాక్ టవర్ దాకా ఎందుకు రాలేదు? విండోస్‌లో తెలుగు సరిగా కనిపించడం 2001 నాటి ఎక్స్‌పీతో మొదలైంది. డీటీపీలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం చివరి రూపం 7.0 కూడా 2001లోనే వచ్చింది, దానికి యూనికోడ్ తెలుగు రాదు. అదే పని చేసే ఇన్‌డిజైన్ భారతీయ లిపులను పట్టించుకునేసరికి 2012 అయింది. ఈ రెండు ఏళ్ల నడుమ కాలమంతా ప్రెస్సులు చాలావరకు పేజ్‌మేకర్‌తోనే నడిచాయి. నా లెక్కలో అసలు నష్టం జరిగింది ఈ పదేళ్లలోనే. కొత్త పద్ధతి తెలిసినవాళ్లు కూడా పాత పద్ధతిలోనే ఫైళ్లు పోగేశారు.

విండోస్ సెర్చ్ సంగతి కొంత వేరు. అది మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి చోట్లకే ముందుగా సూచిక తయారుచేసుకుంటుంది. మనవాళ్లేమో ఫార్మాట్ కొడితే పోతాయన్న భయంతో అన్నీ డి డ్రైవ్‌లో పెడతారు. అక్కడ ఫైలు లోపలి మాటలు కూడా చూడాలని సెట్టింగ్‌లో చెప్పకపోతే పేర్లు మాత్రమే చూస్తుంది.

పీడీఎఫ్ చేసి పెట్టాం కదా అనేవాళ్లూ ఉన్నారు. పీడీఎఫ్ ప్రధానంగా కాగితం మీద ఏ ఆకారం ఎక్కడ పడాలో రాసుకుంటుంది. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా లేకపోతే కంటికి చక్కని తెలుగే కనిపిస్తుంది, కాపీ చేస్తే ఒత్తులు తారుమారవుతాయి. స్కాన్ అయితే వట్టి ఫొటోనే. 1926లో మొదలైన సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక సంచికను స్కాన్ చేసి పెట్టుకున్నా, ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా మార్చే ఓసీఆర్ చేయనిదే అందులో పాలమూరు ప్రస్తావన ఎక్కడుందో కంప్యూటర్ చెప్పలేదు. చేసినా, విరిగిన సీసపు అచ్చులో ఒత్తు ఏదో, మరక ఏదో దానికి తెలియడం కష్టం.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాంలు ఇప్పుడు ఉన్నాయి. పేజ్‌మేకర్ తెరుచుకునే పాత కంప్యూటర్ బతికుండగానే పాఠాన్ని బయటికి తీసి మార్చి, ఒకసారి చదివి దిద్దుకోవాలి. ఆ తర్వాత కూడా తెలుగు తన పద్ధతిలో సతాయిస్తుంది. ‘పొలం’ అని వెతికితే ‘పొలాలు’ రాదు; ‘పొల’ అని ఆపితే రెండూ వస్తాయి. ‘ఊర’ అంటే ఊరు, ఊరి దొరుకుతాయి, ‘ఊళ్లో’ తప్పించుకుంటుంది. మహబూబ్‌నగర్‌ను కొందరు మధ్యలో ఖాళీ వదిలి రాస్తారు, కొందరు ‘బ’ కింద ‘న’ ఒత్తు పెడతారు, కొందరు కంటికి కనిపించని గుర్తు ఒకటి పెట్టి విడదీస్తారు. గ్రెప్ లాంటి ప్రోగ్రాంకు అవి మూడు వేర్వేరు మాటలు. నల్గొండ, నల్లగొండ రెండూ కావాలంటే ‘గొండ’ అని కొట్టాలి.

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక జిల్లా పేరుతో వెతకడం ఇంకో తలనొప్పి. పాత కాగితాల్లో సూర్యాపేట, భువనగిరి నల్లగొండ జిల్లా కిందే ఉంటాయి. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ మహబూబ్‌నగర్ కిందే, 2019 దాకా నారాయణపేట కూడా. ఎనభైల నడుమ మండలాలు వచ్చే ముందరి కాగితాల్లో తాలూకాలే కనిపిస్తాయి. అందుకే ఊరి పేరుతో వెతకడం మేలు. అదీ చివరి గుణింతం వదిలేసి: ‘మర్రిగూడ’ అని కొడితే ‘మర్రిగూడెం’ అని రాసిన ఫైళ్లూ బయటికొస్తాయి.